నా చెయ్యి పడని ఇంజను

"అమ్మమ్మా, నీకు బండి నడపడం వచ్చా?" అని మొన్న ఫోన్లో చిన్నది అడిగింది. అడిగి, జవాబు వినకుండానే ఫోను అన్న చేతిలో పెట్టేసి ఎటో పోయింది.

నడపడం రాదమ్మా. స్టార్ట్ చేయడం వచ్చు. అది కూడా మీ అపార్టుమెంటు కింద వరసగా నిలబెట్టే చిన్న కార్లు కాదు, లారీలు. ఒకప్పుడు తాడేపల్లిగూడెంలో మీ తాతగారి చేతిలో బాగుపడిన లారీ ఇంజను మళ్ళీ మొదటిసారి పలకాలంటే దాని మీద నా చెయ్యి పడాల్సిందే. అన్నిటికీ నన్ను పిలిచారు, ఒక్కదానికి తప్ప. ఆ ఒక్కదాని గురించి మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. చిన్నది అడిగింది కాబట్టి చెబుతున్నాను. ఈసారైనా మధ్యలో లేచి పోకండి.

మీ తాతగారి షెడ్డు గూడెం శివార్లో, హైవేకి కాస్త దిగువన ఉండేది. అది నడుస్తుండగా మీరెవ్వరూ చూడలేదు. ముందు రేకుల కప్పు, వెనక మా ఇల్లు, రెంటికీ మధ్య నల్లటి నేల. ఏళ్ళ తరబడి డీజిలూ ఇంజనాయిలూ తాగిన నేల అది. వాన పడితే నీళ్ళు ఇంకేవి కావు, రంగులు తిరుగుతూ అలాగే నిలబడేవి. మేడ మీద ఆరేసిన చీరలకి కూడా డీజిలు వాసన పట్టేది. చర్చిలో నా పక్కన కూర్చున్నవాళ్ళు "షెడ్డుగారి ఆవిడ వచ్చింది" అని తలతిప్పకుండానే పోల్చుకునేవారు.

కొత్త బళ్ళు ఆయన దగ్గరికి వచ్చేవి కావు. ఉల్లిపాయల లోడు మోసి మోసి నడుం విరిగినవి, చేపలూ ఐసూ మోసి అడుగంతా తుప్పు తినేసినవి, ఓనర్లు ఇక తూకానికి అమ్మేద్దామనుకున్నవి వచ్చేవి. బాగుపడేవాటిని బాగుచేసేవారు. బాగుపడనివాటిని విడగొట్టి, ముక్కముక్కకీ ఇంకో బతుకు చూపించేవారు. బండి బరువు మోసే ఇనప పట్టీలు, కమాన్లంటారు, కమ్మరి దగ్గరికి వెళ్ళి కొడవళ్ళయ్యేవి. నేను ఇప్పటికీ కూరలు తరిగే కత్తిపీట ఒక లారీ కమానే. అందుకే అంత బరువు. ట్యూబులు కొల్లేట్లో చేపలు పట్టేవాళ్ళు పట్టుకెళ్ళి వాటి మీద తేలేవాళ్ళు. ఇక ఇంజను సంగతి వేరు. దాన్ని పూర్తిగా విప్పి, ప్రతి భాగాన్నీ డీజిల్లో కడిగి, అరిగినవి మార్చి, మళ్ళీ బిగిస్తే అది ఐసు ఫ్యాక్టరీలో జనరేటరు తిప్పేది, లేదా చేపల చెరువులకి నీళ్ళు తోడేది. "బండి చచ్చిపోవచ్చు గానీ ఇంజను చావదు, చంపుకుంటే తప్ప" అనేవారు మీ తాతగారు.

స్టార్ట్ చేసే పని నాకెలా వచ్చిందంటే, షెడ్డు పెట్టిన కొత్తలో ఆయన విప్పి బిగించిన మొదటి ఇంజను పొద్దున్నుంచీ పలకలేదు. గుర్రుమనడం, ఆగిపోవడం. మధ్యాహ్నం నేను క్యారేజీ పట్టుకుని వెళ్ళేసరికి మీ తాతగారు మోచేతుల దాకా నల్లగా, నేల మీద చతికిలబడి ఉన్నారు. బండి తెచ్చినాయన, షెడ్డులో అలాంటివాళ్ళని పార్టీ అంటారు, మొహం వేలాడేసుకుని నిలబడ్డాడు.

"ఇదిగో, నువ్వోసారి నొక్కు," అన్నారు మీ తాతగారు నాతో, విసుగ్గానే.

క్యారేజీ కింద పెట్టి, క్యాబిన్లోకి ఎక్కి, కళ్ళు మూసుకుని ఒక్క మాట ప్రార్థన చేసుకుని బటన్ నొక్కాను. అందుకుంది. డీజిలు పైపుల్లో చేరిన గాలంతా అప్పటికే ఆయన తీసేసి ఉంటారు. అది పలికే వేళకి నేను వెళ్ళాను, అంతే. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. పార్టీకి తెలియదు కదా.

"అమ్మగారి హస్తవాసి మంచిదండీ!" అని ఊరంతా చెప్పాడాయన.

అప్పటి నుంచీ వచ్చిన ప్రతి పార్టీ "అమ్మగారి చేత నొక్కించండి" అనడం మొదలుపెట్టారు. వాళ్ళు టైరు కింద నిమ్మకాయ పెట్టి, కొబ్బరికాయ పట్టుకుని నిలబడేవారు. మాది మిషనరీల కాలం నుంచీ చర్చికి వెళ్ళే కుటుంబం కదా, నేను పైన కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేదాన్ని. నా ఆమెనూ వాళ్ళ కొబ్బరికాయా ఒకేసారి అయ్యేవి. స్టార్ట్ చేసింది ఎవరి దేవుడని ఎవరూ తగువు పెట్టుకోలేదు.

మీ తాతగారు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కూర బాగుందనో, చీర బాగుందనో ఆయన నోట నేను విని ఎరగను. కానీ ఇంజను బిగించడం పూర్తయ్యాక, షెడ్డులోంచి ఇంటివైపు తిరిగి "ఏమేవ్, రా!" అని ఒక్క కేక వేసేవారు. చుట్టాలున్నా, చేతికి పిండి ఉన్నా, కడుక్కుని వెళ్ళిపోయేదాన్ని. మిగతా ఆడవాళ్ళ మొగుళ్ళు ఏమేం చెప్పేవారో నాకు తెలియదు. నాకు ఆ కేక చాలు.

షెడ్డు వెనక, మా వంటింటి కిటికీకి ఎదురుగా, మా సొంత లారీ నిలబడి ఉండేది. పెళ్ళినాటికి ఆయన దానికి ఓనరూ, డ్రైవరూ. ఏలూరులో మా పుట్టింటి నుంచి గూడెం కాపరానికి నేను వచ్చింది దాంట్లోనే. వెనక మంచమూ బిందెలూ, ముందు ఆకుపచ్చ రెక్సిన్ సీటు మీద ఆయన పక్కన నేను. భీమడోలు దాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. అక్కడ రైలు గేటు పడితే, "ఆకలేస్తందా?" అని అడిగారు. లేదన్నాను. వేస్తోంది. తర్వాతెప్పుడో ఆ సీటు ఎడమ చివర చిరిగితే గోనెసంచులు కుట్టే దబ్బనంతో నేనే కుట్టాను. ఆకుపచ్చ దారం దొరక్క ఎర్రదారంతో కుట్టాను. రోడ్డు మీద వెళ్ళే వయసు దాటిపోయాక ఆ బండిని అక్కడ నిలబెట్టారు. దాని ఇంజను కోసం ఎంతమంది అడిగినా లేదనేవారు.

"మన బండి ఎప్పుడు బాగు చేస్తారండీ?" అంటే, "ఆఖర్నే. అందరివీ అయ్యాక మనది. నీ చేత స్టార్ట్ చేయించి, ఏలూరు తీసుకెళ్తాను" అనేవారు.

అందుకే వంట చేస్తూ కిటికీలోంచి దాన్ని చూస్తే నాకేదో దాచుకున్నది చూసుకున్నట్టుండేది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళల్లో కొల్లేటి పక్కంతా చేపల చెరువులే. గట్లు పోయడం, నీళ్ళు పెట్టడం, చేపలు పట్టడం అయ్యాక నీళ్ళు తోడేయడం. పాత లారీ ఇంజన్లకి అంత గిరాకీ ముందెప్పుడూ లేదు. అలా ఇంజను కోసం కొల్లేటి నుంచి వచ్చింది ఒకావిడ. భర్త పోయాక చెరువు తనే చూసుకుంటోంది. పొడుగ్గా, చామనఛాయగా, చీర మీద మొగుడి చొక్కా వేసుకుని, చేతిలో ఇంత బొచ్చె చేపతో షెడ్డులోకి నడిచొచ్చింది. నాకంటే చిన్నదే, కానీ మరీ చిన్నది కాదు.

ఇంజను అడిగి వెళ్ళిపోతే బాగుండేది. వెళ్ళలేదు. షెడ్డులో అప్పుడే స్టార్ట్ చేసిన ఇంకో ఇంజను దగ్గర నిలబడి అడగడం మొదలుపెట్టింది.

"పొగ ముందు తెల్లగా వచ్చి తరవాత నల్లబడుద్దేంటండీ అన్నయ్యగోరూ?"

"చల్లగా ఉన్నప్పుడు డీజిలు సరిగ్గా మండక పొగైపోద్దమ్మా, అందుకు తెలుపు. మోయలేని బరువు పడితే ఎక్కువ తాగేసి అరిగించుకోలేదు. అదీ నలుపు."

"అయితే మా మరిదిలాగన్నమాటండి. తినేది బండెడు, అరిగేది గుప్పెడు."

మీ తాతగారు నవ్వారు. నేను వంటింట్లో ఉన్నాను. ఆ నవ్వు అక్కడిదాకా వినిపించింది. చాలాకాలమైంది ఆ నవ్వు విని. అసలు ఎప్పుడు విన్నానో గుర్తు చేసుకుందామంటే పొయ్యి మీద పప్పు మాడింది.

వచ్చినప్పుడల్లా అడిగేది. ఈ గొట్టం దేనికండి, ఇది వేడెక్కితే ఏమవుద్దండి, ఇది ఎందుకు కొట్టుకుంటందండి. ఆయన చెప్పేవారు. గంటకో మాట మాట్లాడే మనిషి, పొద్దు తిరిగేదాకా చెప్పేవారు. అన్నేళ్ళుగా అన్ని ఇంజన్లు స్టార్ట్ చేశాను గానీ, లోపల ఏముంటుందని నేనొక్కసారీ అడగలేదు. బటన్ నొక్కి వంటింట్లోకి వచ్చేసేదాన్ని. అడిగితే చెప్పేవారేమో అని అప్పటిదాకా తోచలేదు. తోచాక, ఇక అడగబుద్ధి కాలేదు. ఆవిడ వెనక నేను రెండోదాన్నై నిలబడాలా?

పైగా ఆ పిలుపులొకటి. ఆయన్ని అన్నయ్యగోరూ అంటుంది. నన్ను అక్కగోరూ అంటుంది. నేను అక్కనైతే ఆయన బావ అవ్వాలి కదా? ఆయన అన్నయ్య అయితే నేను వదిన అవ్వాలి. ఏ వరస పెట్టుకుని మా ఇంట్లోకి వస్తోందో అర్థం కాక లోలోపల కుతకుతలాడిపోయాను.

ఆవిడ చెరువుకి సరిపడే ఇంజను షెడ్డులో లేదు. కొన్నాళ్ళు వెతికారు. ఒకరోజు పొద్దున్నే చెయినుబ్లాకు గరగర వినిపిస్తే వంటింటి కిటికీలోంచి చూశాను. మా లారీ నోరు తెరుచుకుని ఉంది. దాని ఇంజను గొలుసుకి వేలాడుతూ గాల్లో మెల్లగా తిరుగుతోంది. చేతిలో చెంబుతోనే బయటికి పరిగెత్తాను.

"ఏవండీ, అది మన బండిది కదండీ?"

"ఊఁ."

"ఆఖర్న అన్నారు కదండీ."

ఆయన గొలుసు వదల్లేదు. "బండి కదలట్లేదు కదే. ఖాళీగా ఉంచితే తుప్పు పట్టి పోద్ది. నీళ్ళు తోడితే బతుకుద్ది."

"మన బండి మరి?"

"ఇంకోటి చూస్తాలే."

ఇంకోటట. అది గిన్నె మూతా, ఇంకోటి చూడ్డానికి? నాకు గట్టిగా మాట్లాడ్డం రాదని మీకు తెలుసుగా. లోపలికొచ్చి కిటికీ రెక్కలు మూసేశాను. ఆ రోజు నుంచి ఆ కిటికీ తెరవలేదు. పొగ చూరి వంటిల్లు నల్లబడింది గానీ తెరవలేదు.

ఒక్క మాట మాత్రం మనసులో గట్టిగా పట్టుకున్నాను. ఎక్కడికి పోతే పోనీ, మొదటి స్టార్టు నాదే. దాన్ని ఎవరూ తీసుకోలేరు. ఇంజను విప్పారు, కడిగారు, లేతు పనికి ఏలూరు పంపించి తెచ్చారు, బిగించారు. నేను కేక కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాను. షెడ్డులో పెద్ద మెకానిక్కు మాటల్లో చెప్పాడు, పంపుకి కలిపి చెరువు గట్టు మీదే బిగించాలి, స్టార్టింగు అక్కడేనని. అయితే నన్ను కూడా తీసుకెళ్తారన్నమాట అనుకున్నాను. ఈస్టరుకి కట్టుకునే చీర తీసి మంచం మీద పెట్టుకున్నాను. నిడమర్రు అవతల, కొల్లేటి గట్టు. ఎప్పుడూ చూడలేదు. చూడొచ్చులే అనుకున్నాను.

తెల్లారి లేచేసరికి షెడ్డు ఖాళీ. ఇంజనుతో పాటు అందరూ వెళ్ళిపోయారు.

చీకటి పడకముందే వచ్చారు. ఆయన చేతిలో తాటాకు బుట్ట, దాన్నిండా శీలావతి చేపలు. పెద్ద మెకానిక్కు సంతోషం పట్టలేక గుమ్మంలోనే చెప్పేశాడు.

"అబ్బో, ఏం పలికిందండి అమ్మగారూ! ఆవిడగారే నొక్కేరండి. ఒక్క నొక్కుకే అందేసుకుందండి. ఆయ్!"

"అలాగా," అన్నాను.

మీ తాతగారు కాళ్ళు కడుక్కుంటున్నారు. ఇటు చూడలేదు.

అన్నానికి కూర్చున్నారు. కంచంలో అన్నం, పప్పుచారు, వడియాలు పెట్టాను.

"చేపలేవే?"

"పక్కింటోళ్ళకి ఇచ్చేశానండి."

"అన్నీనా?"

"ఆయ్. తలకాయలు కూడానూ."

పప్పుచారు కలుపుకుని తిన్నారు. రెండోసారి కూడా వేయించుకున్నారు. అదింకా మండింది నాకు.

ఆ తర్వాత బాగుపడింది ఐసు లారీ ఇంజను. "ఏమేవ్, రా!" అని కేక వినబడింది. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. కదల్లేదు. మళ్ళీ పిలిచారు. చివరికి ఆయనే గుమ్మం దాకా వచ్చారు.

"పార్టీ ఎదురుచూస్తన్నారే. కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డారు."

"కొల్లేటికి కబురు పెట్టండి. ఆవిడ చెయ్యి ఒక్క నొక్కుకే అందుతుందట కదా."

నా మొహంలోకి చూశారు. ఏమైనా అంటారని చూశాను. తల గోక్కుని వెళ్ళిపోయారు. నేను లేకపోతే అది పలకదనే అనుకున్నాను. అమాయకురాల్ని. పార్టీ చేతే నొక్కించారు. ఉల్లిపాయ సగం తెగేలోపే దడదడమని మొదలైంది. ఆ పార్టీ ఎవరో, ఆయన మొహం కూడా నేను చూడలేదు. కానీ ఆ పూటకి ఆయన మీద కూడా కుళ్ళే.

మీ తాతగారు ఆదివారం చర్చి కాగానే అప్పుడప్పుడు కొల్లేటి వైపు వెళ్ళేవారు. ఆయిలు మార్చాలి, బెల్టు చూడాలి అని. ఇంజన్లు అమ్మిన చోటుకల్లా అలా వెళ్ళేవారు, అది కొత్త కాదు. కానీ నాకు ఆ ఒక్క దారే కనబడేది. చివరికొకరోజు, ఏలూరు మా చెల్లెలింటికి వెళ్తున్నానని చెప్పి బస్సెక్కి ఉంగుటూరులో దిగిపోయాను. అక్కడినుంచి ఆటో. ఆటో ఆగినచోటు నుంచి గట్టు మీద నడక. రెండు పక్కలా నీళ్ళు, నీళ్ళ మీద ఎండ, తలెత్తితే గూడబాతులు. అంత దూరం నుంచే ఇంజను చప్పుడు వినబడుతోంది. దాన్ని పట్టుకునే నడిచాను.

తాటాకు పాక కింద ఉంది మా ఇంజను. ఇనప స్టాండు మీద, నీలం రంగు వేసి, తళతళ తుడిచి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి. మా ఇంట్లో అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు. పంపులోంచి నీళ్ళు ఎగిరి చెరువులోకి పడుతున్నాయి. ఆవిడ నన్ను చూసి లేచొచ్చింది.

"అయ్యబాబోయ్, అక్కగోరా! రండి, రండి. ఒక్కరే వచ్చేరేంటండీ? అన్నయ్యగోరు రాలేదా?"

"ఆయనకి తెలీదండీ."

"చూట్టానికొచ్చేరా? ఇంజన్నా, నన్నా?"

"ఇటుపక్క పనుండి వచ్చానండీ."

"గట్టు మీద ఏం పనుంటదండీ, గూడబాతులతోనా?" అని పకపకా నవ్వింది. "కూకోండి, ఎండనపడి వచ్చేరు."

కూర్చోమని చూపించిన చోట సీటుంది. ఆకుపచ్చ రెక్సిన్ సీటు. ఎడమ చివర ఎర్రదారం కుట్టు.

నిలబడిపోయాను. కిటికీ మూసేసుకుని కూర్చున్నాను కదా, బండిలోంచి సీటు పోయిన సంగతే నాకు తెలియలేదు.

"ఈ సీటెక్కడిదండీ?"

"అన్నయ్యగోరే తెచ్చేరండి. ఇంజను కాడ రేయీపగలూ ఉండాల్సిందే కదమ్మా, నేల మీద కూకుంటే నడుం పట్టేసుద్దీ అన్నారు."

నడుమట. నలుగురు పిల్లల్ని కన్న నా నడుం గురించి ఆయన ఏనాడూ అడగలేదు. నేను కాపరానికొచ్చిన సీటు మీద నన్ను చుట్టాన్ని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టి, ఆవిడ కొబ్బరిబోండం కొట్టి చేతికిచ్చింది. మర్యాదకి తక్కువేం చేయలేదు. ఒక్క మాటైనా తప్పుగా అని ఉంటే నాకు తేలికయ్యేది. ఎడమ చేత్తో ఎర్రదారం తడుముతూ బోండం తాగాను.

"వినండి అక్కగోరూ," అంది ఆవిడ చెయ్యెత్తి. "నాలుగో సిలిండరు. మిగతావాటి కంటే గొంతు కాస్త బొంగురు. వినబడతందా? అన్నయ్యగోరు ఎలా వినాలో చెప్పేరు."

విన్నాను. నాకంతా ఒకటే దడదడ.

"ఆఁ, అవునండీ," అన్నాను.

"మీ చెయ్యి మంచిదని అందరూ అంటారంట కదండీ. ఓసారి ఆపుతాను, మీ చేత్తో స్టార్ట్ చేత్తారా?"

చూడండి, ఆవిడ అడిగింది. ఆయన అడగాల్సింది. బోండం కింద పెట్టి లేచాను. "నడుస్తున్నదాన్ని ఆపడం ఎందుకండీ," అని వచ్చేశాను. ఇంటికొచ్చాక, "చెల్లెలు బాగుందా?" అన్నారు ఆయన. "నడుం నొప్పట," అన్నాను.

తర్వాత కొన్నాళ్ళకి, సరస్సు కుదించుకుపోతోందని, కొల్లేటి లోపలి చెరువుల గట్లు ప్రభుత్వం తవ్వించేసింది. ఆవిడ చెరువు కూడా అందులో పోయింది. విని జాలిపడ్డాను. నిజంగానే పడ్డాను. జాలి వెనకే, ఇక ఆదివారాలు ఆయన అటు వెళ్ళక్కర్లేదు కదా అన్న మాట కూడా వచ్చి కూర్చుంది.

ఒక మధ్యాహ్నం షెడ్డు ముందు ట్రాక్టరు ఆగింది. ట్రక్కులో మా ఇంజను, దాని మీద సీటు. ఇంజను ఒళ్ళంతా బురద. గట్టు తెగినప్పుడు నీళ్ళల్లో ఉండిపోయిందట. ఆవిడ ఇంజను పక్కనే నిలబడి వచ్చింది. చొక్కా లేదు, ఉత్త చీరే. సన్నబడింది.

"మీ ఇంటి ఆడపిల్లండి అన్నయ్యగోరూ. పుట్టింటికి దింపేత్తన్నాను," అంది.

నవ్వుతూనే అంది. మీ తాతగారు తల దించుకుని ట్రక్కు డోరు దించారు. ఆవిడ మా ఇంట్లో మజ్జిగ తాగి, అత్తిలి దగ్గర పుట్టింటికి వెళ్ళిపోయింది.

ఆ ఇంజను మీద ఆయన పనిచేసినట్టు ఇంకే ఇంజను మీదా చేయలేదు. బురద కడగడానికే రోజులు పట్టింది. తుప్పు గీకి, అరిగినవి మార్చి, మళ్ళీ బిగించారు. ఈసారి స్టాండు మీద కాదు, మా లారీలోనే. సీటు కూడా తెచ్చి దాని చోట పెట్టారు. చప్పుడు విని నేనే వంటింటి కిటికీ తెరిచాను. ఆఖర్న అన్నది ఇదే కాబోలు, ఆలస్యమైనా మాట నిలబెట్టుకుంటున్నారు అనుకున్నాను. పొంగిపోయాను.

"ఏమేవ్, రా!"

ఈస్టరు చీర కట్టుకునే వెళ్ళాను. వెళ్ళి చూద్దును కదా, బానెట్టు పక్కన ఆవిడ నిలబడి ఉంది.

"ఆవిడకి కబురు పెట్టానే," అన్నారు మీ తాతగారు. "పాపం, చూస్తానంది."

పాపమే. క్యాబిన్లోకి ఎక్కాను. నా సీటు, నా ఎర్రదారం. కళ్ళు మూసుకున్నాను గానీ ప్రార్థన రాలేదు. బటన్ నొక్కాను. గుర్రుమని ఆగిపోయింది. ఆవిడ నొక్కితే ఒక్క నొక్కుకే అందుకుంది కదా అని ఎవరూ అనలేదు. నాకే వినబడింది. మళ్ళీ నొక్కాను. ఈసారి అందుకుంది. బండంతా ఊగింది. వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. మా లారీ మళ్ళీ బతికింది, అదీ నా చేత్తో. అద్దంలోంచి ఆయన వైపు చూశాను, ఆయన నన్ను చూడాలని.

ఆయనా ఆవిడా బానెట్టు మీదికి చెరోవైపు నుంచి వంగి, తలలు పక్కకి వాల్చి వింటున్నారు. ఆవిడ వేలెత్తింది.

"నాలుగోది గొంతు బాగుపడిందండి అన్నయ్యగోరూ!"

ఆయన నవ్వారు. ఆ నవ్వే. పొగ గురించి మరిది జోకు చెప్పిన రోజు వంటింట్లోకి వినిపించిన నవ్వే. నేను అద్దం వెనక, బటన్ మీద చెయ్యి పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను.

కాగితాలు లేని బండి కాబట్టి ఏలూరు దాకా వెళ్ళడం కుదరలేదు. ఆవిడ బస్సెక్కాక, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కాలవ గట్టు చివరిదాకా తీసుకెళ్ళి తిప్పుకొచ్చారు. వెళ్తున్నంతసేపూ ఏదో చప్పుడు పట్టుకోవాలని తల కాస్త వంచి, స్టీరింగు మీదికి ఒరిగి ఉన్నారు. ఇన్నాళ్ళూ మింగినదాన్ని అప్పుడడిగాను. అడగడం మొదలుపెట్టాను, అంతే.

"ఏవండీ, ఆ రోజు..."

గేరు మీది చెయ్యెత్తారు. "ఆగు. విననీ."

ఆగాను. ఆయన విన్నారు. తృప్తిగా తలాడించారు. ఇంటికొచ్చేశాం. "ఏదో అన్నావు?" అని అడుగుతారని ఆ సాయంత్రమంతా చూశాను. అడగలేదు. ఆ తర్వాత నేనూ ఎత్తలేదు.

ఆయన పోయినప్పుడు ఆవిడ అత్తిలి నుంచి వచ్చింది. అప్పటికే బండి అమ్మేశాం. సీటు మాత్రం వరండాలో వేసుకున్నాం. మీరొచ్చినప్పుడల్లా ఎక్కి గెంతుతారే, అదే. ఆ సీటు మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను కాఫీ ఇచ్చాను. ఆవిణ్ణి అడిగినా చెప్పేదేమో. ఆ రోజు గట్టు మీద ఉన్నది ఆవిడే కదా, ఆయన మొహం చూసే ఉంటుంది. కానీ ఆ జవాబు ఆవిడ నోట వినడం నాకిష్టం లేకపోయింది. ఆయన గురించి ఇంకో సంగతి కూడా ఆవిడే నాకు చెప్పాలా?

నేను అడుగుదామనుకున్నది పెద్ద మాటేం కాదు, చిన్నదే. ఇప్పటికీ హైవే మీద బరువు లారీ ఏదైనా గేరు మార్చుకుంటూ వెళ్తుంటే, చేస్తున్న పని ఆపి అదే మాట లోపల అనుకుంటాను.

ఏవండీ, ఆ రోజు కొల్లేటి గట్టు మీద ఆవిడ చెయ్యి బటన్ మీద పడినప్పుడు, మీకు నేను గుర్తొచ్చానా?